ముందు ముక్కు, ఆనక చెవి

వాయిద్యాల కొట్టులో ఒక కుర్రవాడు గిటార్లు చూస్తున్నాడు. ఇంటరో, ఇంజనీరింగు మొదటి సంవత్సరమో చదివే వయసు. నాన్నగారు కౌంటరు దగ్గర ధర గురించి మాట్లాడుతున్నారు. కుర్రవాడు గోడకు వేలాడుతున్న వాటిలోంచి ఒకదాన్ని దింపి ఒళ్లో పెట్టుకున్నాడు. తీగలు మీటలేదు. అటూ ఇటూ చూశాడు. ఎవరూ గమనించడం లేదనుకున్నాక మెల్లగా వంగి, తీగల కిందున్న గుండ్రటి కన్నం దగ్గర ముఖం పెట్టి గట్టిగా ఊపిరి పీల్చాడు. కళ్లు మూసుకుని మళ్లీ పీల్చాడు. తలెత్తేసరికి ఎదురుగా నేను. గబుక్కున వేలి కణుపుతో గిటారు పలక మీద టకటకా కొట్టి, "సౌండ్ చూస్తున్నానండీ" అన్నాడు. నేనేమీ అడగలేదు.

అడగని ప్రశ్నకు అతనెందుకు జవాబు చెప్పినట్టు? సౌండ్ చూడాలంటే చెవి పెట్టాలి గానీ ముక్కు పెడితే ఎలా? పువ్వు వాసన చూస్తూ పట్టుబడ్డవాళ్లెవరూ సిగ్గుపడరు. మామిడిపండును తొడిమ దగ్గర వాసన చూసి బేరమాడేవాణ్ణి చూసి ఎవరూ నవ్వరు సరికదా, పండు తెలిసినవాడంటారు. కొత్త పుస్తకాన్ని మధ్యకు తెరిచి ముక్కు దగ్గర పెట్టుకోవడం గొప్పగా చెప్పుకునే అలవాటైంది. గిటారు దగ్గరికొచ్చేసరికి మాత్రం అదేదో చెయ్యకూడని పని చేసినట్టు అనిపిస్తుంది. అనిపిస్తుంది అని ఎందుకంటున్నానంటే, ఆ సిగ్గు నాకూ ఉంది. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి గిటారు పెట్టె తెరవగానే నేను మొదట చేసేది అదే. మా ఆవిడ గదిలోకి వస్తున్న చప్పుడైతే ముఖం పక్కకు తిప్పి, శ్రుతి సరిచేస్తున్నట్టు చెవి వంచుతాను. ఆవిడ ఇలాంటివి నమ్మే మనిషి కాదు. "అయిందా పూజ? ఇక వాయించండి" అని వెళ్లిపోతుంది.

నా గిటారు ముందు పలక సెడార్. వెనకా పక్కలా రోజ్‌వుడ్, అంటే మన ఇరుగుడు. తెలంగాణ వైపు జిట్రేగి అంటారు. మెడ మహాగనీ. పెట్టె మూత తీసిన మొదటి క్షణంలో వచ్చేది సెడార్ వాసన. కొంచెం తీపి, కొంచెం ఘాటు, ఆ వెనకాల ముక్కుపుటాల్లో మిగిలిపోయే పొడి చురుకు. కన్నంలోకి ముక్కు పెడితే అక్కడ వేరే వాసన. అది బరువైనది, నెమ్మదైనది. అమ్మమ్మ భోషాణం అడుగున, పట్టుచీరల కింద పరిచిన కాగితాన్ని పైకెత్తితే వచ్చే చల్లదనం లాంటిది. రెండో పీల్పుకు సగం తగ్గుతుంది, మూడోదానికి ఏమీ ఉండదు. వాసన పోయి కాదు, ముక్కు అలవాటు పడి. అందుకే నేను పొదుపుగా వాడుకుంటాను. సాయంత్రానికి ఒకటి, మహా అయితే రెండు. ఈ పొదుపు చూసి నాకే నవ్వొస్తుంది, నశ్యం డబ్బా దాచుకునే మా తాతగారి తరంలో నన్ను వేయొచ్చు గదా అని.

కన్నంలోనే ఆ వాసన ఎందుకుంటుందంటే కారణం చిన్నదే. గిటారుకు పైన పాలిష్ ఉంటుంది, లోపలి ముఖానికి మామూలుగా ఏ పూతా పూయరు. బయటి చెక్క నోరు మూసుకుని ఉంటే లోపలిది చిత్రిక పట్టిన రోజున ఎలా ఉందో అలాగే ఉంటుంది. లోపల ఊరిన గాలి బయటికి రావడానికి అరచేతి వెడల్పు దారి ఒకటుంది. ఈ అదృష్టం అన్ని వాయిద్యాలకూ లేదు. వీణ కుండ మీది పలకకు సన్నటి బెజ్జాలు తప్ప ముక్కు ఆనే చోటు లేదు. వయొలిన్‌కు రెండు వంపు చీలికలు, అంతే. మృదంగం దగ్గర పనస చెక్క కన్నా తోలు వాసన ముందుంటుంది, ఎడమ మూతికి మెత్తిన రవ్వ ముద్ద పులుపు దాని పక్కనుంటుంది. హార్మోనియంలో దుమ్మూ, తిత్తుల తోలూ. చెక్క తన వాసనను ఇలా తెరిచి పెట్టుకున్న వాయిద్యం నా ఎరుకలో గిటారే. వానాకాలంలో ఇంకా ఎక్కువ. గిటారున్న గదిలో గాలి తేమ 45 నుంచి 55 శాతం మధ్య ఉండాలని చేసేవాళ్లు చెబుతారు. విశాఖపట్నంలో కాపురముండే గిటారు ఆ అంకెల్ని ఏ పొద్దో గానీ చూడదు. తేమ పడితే చెక్క ఉబ్బుతుంది, తీగలు ఎత్తు పెరిగి వేళ్లు నొప్పెడతాయి, శబ్దం మందగిస్తుంది. ఆ ముసురు పట్టిన రోజుల్లోనే నా గిటారు గొప్పగా వాసన వేస్తుంది. వాయించడానికి పనికిరాని రోజున వాసన చూడ్డానికి పనికొస్తుందన్నమాట. దీన్ని లాభం కింద రాసుకోవాలో నష్టం కింద రాసుకోవాలో ఖాతాలు రాసే ఉద్యోగం చేస్తూ కూడా నాకు తేలలేదు.

మొదటి గిటారుకు ఈ గొడవ లేదు. కాలేజీ రోజుల్లో కొన్న చవకరకం అది, ఒళ్లంతా ప్లైవుడ్డు. ప్లైవుడ్డంటే పల్చటి పొరల్ని జిగురుతో అతికించిన పలక కాబట్టి దానిలోంచి జిగురూ వార్నిషూ కలిసిన వాసన వచ్చేది. కొత్త బెంచీలు తెచ్చిన క్లాసురూముల్లో ఉండేది అదే. గిటారంటే అలాగే ఉంటుంది కాబోలనుకున్నాను. దాన్ని ప్రేమించాను కూడా. హాస్టలు డాబా మీద ఇళయరాజా పాటల్లోని గిటారు ముక్కల్ని దాని మీద వెతుక్కున్నాను. దొరికినవి దొరికాయి. కొన్నేళ్ల తర్వాత ఒక స్నేహితుడింట్లో నిజం చెక్కతో చేసిన గిటారు చేతికొచ్చింది. ఒళ్లోకి తీసుకుంటుంటేనే వాసన తగిలింది. ఆ తర్వాత ఒక్క కార్డ్ మీటాను, మామూలు జీ మేజరే. ఆ శబ్దానికి ఒళ్లు జలదరించింది. ఎంత లోతు, ఎంత వెచ్చదనం అనుకున్నాను. ఈ మాటలు ఇక్కడ రాస్తుంటే ఒక అనుమానం. వెచ్చదనం, లోతు, తీపి అని నేను అప్పుడు శబ్దానికి తగిలించినవన్నీ అంతకు ముందు క్షణంలో ముక్కుకు తగిలినవే కదా? నేను విన్నానా, పీల్చానా?

ఈ అనుమానం నాకొక్కడికే వచ్చిందనుకుంటే తప్పు. 2010లో అమెరికాలోని ఇండియానాపొలిస్‌లో అంతర్జాతీయ వయొలిన్ పోటీ జరుగుతుండగా, క్లాడియా ఫ్రిట్జ్ అనే శబ్దశాస్త్రవేత్త, జోసెఫ్ కర్టిన్ అనే వయొలిన్ల తయారీదారు, మరికొందరు కలిసి ఒక హోటల్ గదిలో పరీక్ష పెట్టారు. ఆరు వయొలిన్లు. మూడు కొత్తవి, మూడు పాతవి. పాతవంటే అలాంటిలాంటి పాతవి కావు, రెండు స్ట్రాడివారివి, ఒకటి గ్వార్నేరిది. అనుభవమున్న 21 మంది వాద్యకారుల్ని పిలిచి, మసక వెలుతురులో, వెల్డింగు పనివాళ్లు పెట్టుకునే కళ్లద్దాలు పెట్టించి వాయించమన్నారు. ఎక్కువమందికి ఏది పాతదో ఏది కొత్తదో తెలియలేదు. అన్నిటికన్నా తక్కువగా నచ్చింది ఒక స్ట్రాడివారి వయొలిన్. ఈ ఫలితం గురించి అప్పుడు పెద్ద రభసే జరిగింది. నన్ను పట్టుకున్నది మాత్రం ఫలితం కాదు, ఏర్పాట్లలో ఒక చిన్న జాగ్రత్త. ప్రతి వయొలిన్‌కూ గడ్డం ఆనించే చోట కింద కొంచెం అత్తరు రాశారట. పాత చెక్క వాసనను ముక్కు పసిగట్టి చెవికి చాడీ చెప్పకుండా. ఎంత పెద్ద ఒప్పుకోలు ఇది! లోకంలోకెల్లా ఖరీదైన శబ్దాన్ని తూకం వేయడానికి కూర్చున్నవాళ్లు, ముక్కును గదిలోంచి బయటికి పంపిస్తే తప్ప ఆ పని సాగదని తేల్చారు.

గిటారు విషయంలోనూ ఇలాంటిదే ఒకటుంది. ఇంగ్లండ్‌లో లాంకాస్టర్ విశ్వవిద్యాలయం వాళ్లు, గిటార్లు చేసే రోజర్ బక్నల్‌తో ఆరు గిటార్లు చేయించారు. అన్నీ ఒకే కొలతల్లో. వెనకా పక్కలా వాడిన చెక్క మాత్రం వేరు. బ్రెజిల్ రోజ్‌వుడ్, మన రోజ్‌వుడ్, మహాగనీ, మేపుల్, సపెలే, వాల్‌నట్. 52 మంది గిటారిస్టులు చూడకుండా వాయించారు. ధరలో ఎన్నో రెట్ల తేడా ఉన్న ఆ చెక్కల మధ్య, వాళ్లిచ్చిన మార్కుల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. 2018లో ఈ సంగతి అచ్చయింది. నిజానికి స్పెయిన్‌లో అంతోనియో దె తోరెస్ 1862లోనే ఈ మాట చేతల్లో చెప్పాడు. ఈనాటి క్లాసికల్ గిటారుకు రూపు దిద్దిన ఆ వడ్రంగి, ముందు పలక మాత్రం మంచి స్ప్రూస్‌తో పెట్టి, వెనకా పక్కలా అట్టతో ఒక గిటారు చేశాడు. శబ్దమంతా ముందు పలకలోనే ఉందని చూపించడానికి. అది ఇప్పటికీ బార్సిలోనా సంగీత మ్యూజియంలో ఉంది. తోరెస్‌ను తప్పుపట్టే తాహతు నాకు లేదు గానీ, ఆ గిటారు కన్నం దగ్గర ముక్కు పెడితే ఏ వాసన వచ్చి ఉంటుందన్నది ఎవరూ రాసిపెట్టలేదే అని నా చింత. పాత లెడ్జరు వాసన వచ్చి ఉంటుంది. నాకు ఆ వాసన ఉద్యోగంలో చాలినంత దొరుకుతుంది.

మరి తేడా లేనిదానికి మనం ఇన్ని డబ్బులు ఎందుకు పోస్తున్నాం? గిటార్లు కొనేవాళ్ల మాటలు ఎప్పుడైనా వినండి. రోజ్‌వుడ్‌కు బేస్ ఎక్కువ, మహాగనీ పొడిగా మాట్లాడుతుంది, సెడార్ వెచ్చగా ఉంటుంది, స్ప్రూస్ మెరుస్తుంది, సస్టెయిన్ ఇంత, ప్రొజెక్షన్ అంత. గంటలు గంటలు. నేనూ మాట్లాడాను, ఇంకా మాట్లాడతాను. వాటిలో నిజం బొత్తిగా లేదనను. ముందు పలకకు సెడారా స్ప్రూసా అన్నది వినగలిగే తేడానే, 1960ల్లో మాడ్రిడ్‌లో మూడో హొసె రమీరెజ్ సెడార్ వాడకం మొదలుపెట్టాక ఎందరో కచేరీ కళాకారులు ఆ దారి పట్టింది ఊరికే కాదు. కానీ నాకు తోచేదేమిటంటే, ఈ టోన్ కబుర్లలో సగం ఆ కుర్రవాడి "సౌండ్ చూస్తున్నానండీ" లాంటివే. మనకు నచ్చింది చెక్క. దాని రంగు, దాని ఈనెలు, బరువు, అన్నిటికన్నా ముందు దాని వాసన. వాసన నచ్చి కొన్నానని చెప్పడానికి ముఖం చెల్లక చెవిని సాక్ష్యానికి పిలుస్తాం. చెవికి సంగీతం తోడుంది, శాస్త్రం తోడుంది. ముక్కుకు ఎవరున్నారు?

మన దగ్గర ముక్కుకు ఇంత తక్కువ స్థానం ఉండేది కాదేమో. మనుచరిత్రలో ప్రవరుడు, కాళ్లకు రాసుకున్న పసరు మంచులో కరిగిపోయి, హిమాలయాల్లో ఎటు పోవాలో తెలియక తిరుగుతున్నప్పుడు అతనికి దారి చూపింది కన్నూ కాదు, చెవీ కాదు. కస్తూరీ కర్పూరమూ కలిసిన తాంబూలపు వాసనను మోసుకొచ్చిన గాలి. ఏది ఏ వాసనను పెంచిందో, ఏది దేన్ని కప్పేసిందో పెద్దన ఒక్క చిన్న పద్యంలో పొరలు విప్పి చెప్పాడు. ఆ వాసన పట్టుకునే ఇక్కడ మనుషులున్నారని ప్రవరుడు లెక్క కట్టాడు. అంతటి నిష్ఠాపరుడు ముక్కును నమ్మి నడిచాడు, అందుకు సిగ్గుపడలేదు. ఆ నడక ఎక్కడికి తీసుకెళ్లిందన్నది వేరే కథ. ఆ సంగతి తలుచుకుంటే, ముక్కు విషయంలో జాగ్రత్తగా ఉండాలన్నవాళ్లకు కూడా ఒక ఆధారం దొరుకుతుంది.

నా ముక్కుకు చెక్క పిచ్చి ఎక్కడ అంటుకుందని వెతికితే విజయనగరం కనబడుతుంది. మా వీధి చివర కలప అడితి ఉండేది. బడి నుంచి వస్తూ అక్కడ ఆగితే టేకు పొట్టు, మద్ది పొట్టు, వేగిస పొట్టు వేరువేరు గుట్టలుగా ఉండేవి. మాకు కిటికీలు చేసిన వడ్రంగి ఏ చెక్కో అనుమానం వస్తే వేలికి ఉమ్మి తడి చేసి ముక్క మీద రుద్ది, వాసన చూసి చెప్పేవాడు. ఆయన ముక్కుకు ఎవరి సర్టిఫికెట్టూ అక్కర్లేదు. ఒకసారి నాన్నగారు బొబ్బిలి దగ్గర గొల్లపల్లికి తీసుకెళ్లారు, వీణలు చేసే ఇళ్లకు. ఒకే పనసదుంగను తొలిచి ఏకాండి వీణ చేస్తున్నారు. బాడిస దెబ్బకు లేస్తున్న పసుప్పచ్చటి పేళ్లలోంచి ఒకటి తీసుకుని నేను ముక్కు దగ్గర పెట్టుకుంటే, ఆ పెద్దాయన పని ఆపి, "ఏటి బాబూ, పనసతొననుకున్నావేటి? ఇది దుంగ" అని నవ్వాడు. విశాఖ వచ్చాక సింహాచలం ఉంది. వైశాఖ శుద్ధ తదియనాడు తప్ప ఏడాది పొడవునా చందనం పూతలోనే ఉండే స్వామి. ఆ రోజుకు ముందు సానల మీద గంధపు చెక్కలు అరగదీసే పని మొదలవుతుంది. అక్కడ వాసన చూడ్డం భక్తి. చెక్కను నీళ్లతో, రాతితో ఒప్పించి దాని వాసనను బయటికి తెచ్చే ఆ పనికీ, నా సాయంకాలపు చాటుమాటు వ్యవహారానికీ అసలు తేడా ఎంత? గంధం దేవుడి దగ్గరికెళ్లింది కాబట్టి దానికి మర్యాద దొరికింది. సెడార్ పాపం గిటారులో ఇరుక్కుంది.

ఈ వాసన చెట్టు మన కోసం చేసుకున్నది కాదన్న సంగతి మాత్రం మరిచిపోకూడదు. చెట్టు లావెక్కుతున్న కొద్దీ లోపలి కణాలు ఒక్కొక్కటే చనిపోతాయి. చనిపోయే ముందు అవి నూనెలు, రెజిన్లు, చేదు పదార్థాలు తయారుచేసి తమ చుట్టూ నింపి పోతాయి. అలా నిండినదే చేవ. ప్రాణం లేని చెక్కకు బూజు పట్టకుండా, పురుగు తొలవకుండా కాపలా అది. నా గిటారు పలక సెడార్ ఉత్తర అమెరికా పడమటి తీరం చెట్టు. అక్కడి తీరవాసులు దానితోనే పడవలు తొలిచారు, కులచిహ్నాల స్తంభాలు నిలబెట్టారు, వానలో ఏళ్ల తరబడి నిలుస్తుంది కాబట్టి. దానిలోని థుయాప్లిసిన్లు అనే పదార్థాలు బూజును దగ్గరికి రానివ్వవు. దానిలోనే ప్లికాటిక్ ఆమ్లం అనేది ఒకటుంది. బ్రిటిష్ కొలంబియా కోతమిల్లుల్లో ఆ పొట్టు పీల్చిన పనివాళ్లకు ఉబ్బసం తెచ్చిపెట్టింది అదే. దానికి రెడ్ సెడార్ ఆస్తమా అనే పేరే ఉంది. రోజ్‌వుడ్ జాతుల పొట్టు తగిలితే కొందరికి ఒళ్లంతా దద్దుర్లు. గిటార్లు చేసేవాళ్లలో ఒక చెక్క పడక దాన్ని ముట్టుకోవడమే మానేసినవాళ్లున్నారు. నేను సాయంత్రం ఒక పీల్పుతో సంతోషించేది, ఎక్కడో ఒకడు ముఖానికి గుడ్డ కట్టుకుని తప్పించుకునే సరుకు. మా అడితి వడ్రంగికీ తెరిపి లేని దగ్గు ఉండేది. బీడీల వల్ల అనుకునేవాళ్లం. ఇప్పుడు అంత గట్టిగా అనలేను.

ఇక ఆ రోజ్‌వుడ్. నా గిటారుది ఏ కొండ మీది చెట్టో కనుక్కునే దారి లేదు. ఇరుగుడు మన తూర్పు కనుమల్లోనూ ఉంది, పడమటి కనుమల్లో కాఫీ తోటలకు నీడనిచ్చే చెట్టుగానూ ఉంది. 1833లో మొదలైన అమెరికా మార్టిన్ గిటార్ల కంపెనీ, బ్రెజిల్ రోజ్‌వుడ్ దుంగలు దొరకడం కష్టమై 1969లో మన రోజ్‌వుడ్‌కు మారింది. అప్పట్నుంచీ మన కొండల చెట్టు లోకమంతా గిటారు వెన్ను అయింది. బ్రెజిల్ రోజ్‌వుడ్ వ్యాపారాన్ని 1992లో, అంతరించే జాతుల వ్యాపారాన్ని అదుపుచేసే సైటీస్ ఒప్పందం దాదాపు మూసేసింది. 2017 జనవరి నుంచి రోజ్‌వుడ్ జాతి చెట్లన్నిటికీ కాగితాలు అడిగారు. సరిహద్దు దాటించే గిటార్లకు వచ్చిన తిప్పలు ఇన్నీ అన్నీ కావు. 2019 నవంబరులో తయారైన వాయిద్యాలకు సడలింపు ఇచ్చారు, బ్రెజిల్‌దానికి తప్ప. మనకు చెక్కలో ముందు నచ్చేది వాసనేనన్న నా మాటకు ఎదురు ఉదాహరణ మన శేషాచలంలోనే ఉంది. ఎర్రచందనానికి గంధపు వాసన లేదు. అయినా జపాన్‌లో షామిసెన్ వాయిద్యపు మెడకు అన్నిటికన్నా మేలైనదని దాన్నే కోరుకుంటారు. వాసన లేని చెక్కను కూడా మనుషులు అంతలా కోరుకుంటారా అని నా వాదం అక్కడ కాస్త తడబడుతుంది. షామిసెన్ వాయించేవాడు ఏ సాకు చెబుతాడో వినాలని ఉంది.

చెక్క వాసన ఉండిపోదు. వాసన రావడమంటేనే దానిలోంచి ఏదో కొంచెం వెళ్లిపోవడం. పెట్టెలో మూసి ఉంచితే నిదానంగా పోతుంది, గోడకు తగిలిస్తే త్వరగా పోతుంది. పాత గిటార్ల కన్నాల్లో నేను పీల్చినంతవరకు చెక్క వెనక్కి తగ్గి మనుషులు ముందుకొస్తారు. చెమట, సిగరెట్టు, పెట్టె అస్తరు బూజు, ఒకదానిలో ఎవరో వేసిన కర్పూరం బిళ్లల ఆనవాలు. అదే సమయంలో చెక్క ఎండి, రెజిన్లు గట్టిపడి, శబ్దం విచ్చుకుంటుందని వాయించేవాళ్లంతా అంటారు. ఆ మాట పూర్తిగా నిజమైతే నా చేతిలో ఉన్న వస్తువు ఏటేటా ముక్కు నుంచి చెవికి ఆస్తి బదలాయిస్తోందన్నమాట. నాకది పూర్తిగా ఇష్టం లేదు. తొందరున్నవాళ్ల కోసం ఈ మధ్య ముందు పలకను ఆక్సిజన్ తక్కువుండే కొలిమిలో వేడి చేసి ముసలిదాన్ని చేస్తున్నారు. శబ్దం నిజంగానే బాగుంటుంది. దగ్గరికెళ్తే మాడిన చక్కెర వాసన. చెడ్డదేం కాదు. కాకపోతే అది చెట్టుది కాదు, వంటింటిది.

మొన్న డల్లాస్ నుంచి వచ్చిన స్నేహితుడు కార్బన్ ఫైబర్ గిటారు తెచ్చాడు. విమానంలో పైన పడేసి తెచ్చానన్నాడు గర్వంగా. నల్లగా, నున్నగా ఉంది. మా ఊరి తేమకు వెంట్రుకంత కదల్లేదు. వాయించాను. గొంతు పెద్దది, బేస్ గట్టిది, పన్నెండో మెట్టు దగ్గర కూడా శ్రుతి తొణకలేదు. నా గిటారు ఆ వారమంతా ముసురుకు ముడుచుకుని ఉంది. రెండూ పక్కపక్కన మీటితే ఏది బాగుందో మా ఆవిడ వంటింట్లోంచే చెప్పింది, నాదాన్ని కాదు.

"ఎలా ఉంది గురూ?" అన్నాడు.

"నాదాని కన్నా బాగుంది."

"మరి మార్చెయ్. నేను తెప్పించి పెడతా."

వెచ్చదనమని, ప్రాణమని, చెక్క మాట్లాడుతుందని చెప్పడానికి నోరు తెరిచాను. చెప్పబుద్ధి కాలేదు.

"దీనికి వాసన లేదు" అన్నాను.

అతను నవ్వాడు. నేను నవ్వకపోయేసరికి ఆపేసి, "వాసన కావాలంటే అగరొత్తి వెలిగించుకోవచ్చు గదా" అన్నాడు. "లేదు, నేను దీనికి పోసిన డబ్బులో సగం వాసనకే పోశాను, తెలిసే పోశాను" అన్నాను.

"ఈ మాట గిటార్లమ్మేవాడి దగ్గర అనకు గురూ, వాసనకు వేరే బిల్లేస్తాడు."

ఇప్పటికే వేస్తున్నాడని, ఆ పద్దుకు టోన్ అని పేరు రాస్తున్నాడని చెప్పాను.